బతుకమ్మ సంబరాల్లో కామెడీ స్లాట్: వాలంటీర్ల చర్చ

ప్రోగ్రామ్ కోఆర్డినేటర్, హన్మకొండ నుంచి:
అందరికీ నమస్తే. నిన్నటి కాల్‌లో తేలకుండా మిగిలింది కామెడీ స్లాట్ ఒక్కటే. వచ్చే వారం దాకా నేను ఇక్కడే ఉంటా కాబట్టి కళాకారులతో మాట్లాడే పని నాకు వదిలేయండి. "క్లీన్‌గా ఉండాలి" అని అందరూ అన్నారు. సరే. కానీ పోయినసారి పిలిచినాయన నోటి నుంచి ఒక్క బూతు రాలేదు కదా! నలభై నిమిషాలూ పెళ్లాల మీద, లావుగా ఉన్నవాళ్ల మీద, చివరికి మన యాస మీద జోకులు. డాలస్‌లో వరంగల్ వాళ్ల పండుగకు వచ్చి వరంగల్ మాటనే వెక్కిరిస్తే ఎవరు నవ్వుతారు? కాళోజీ పుట్టినరోజు సెప్టెంబర్ 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా చేసుకునే వాళ్లం మనం. కాబట్టి ఈసారి బూతులు వద్దని చెప్పి ఊరుకోవద్దు. ఎవరి మీద నవ్వుతున్నాం అన్నది కూడా ముందే మాట్లాడుకోవాలి.

ఫుడ్ టీమ్:
నిజమే అన్నా. మా అత్తమ్మ మధ్యలోనే లేచి బయటకు వచ్చింది, మోకాళ్ల నొప్పులని చెప్పి. నాకు కావాల్సింది ఒకటే, షో భోజనాలకు ముందా, తర్వాతా?

స్టేజ్, సౌండ్:
ముందే అక్కా. తిన్నాక సగం మంది పార్కింగ్‌లో ఉంటారు. ఇంకో మాట, రౌండ్ టేబుళ్లు వద్దు. పోయినసారి సగం మంది స్టేజీకి వీపు పెట్టి కూర్చున్నారు. కుర్చీలు వరుసగా, దగ్గర దగ్గరగా వేద్దాం, పక్కవాడు నవ్వితే మనకూ నవ్వొస్తుంది. హాల్లో లైట్లు తగ్గించి స్టేజీ మీద మాత్రం ఉంచుతా. షో నడుస్తుండగా మిర్చిబజ్జీలు పంచొద్దు, దండం పెడతా.

యూత్ వింగ్:
అన్నా, ఇక్కడ పెరిగిన పిల్లలకు వేగంగా తెలుగు మాట్లాడితే అందదు. వాళ్లు చూసేది జిమ్ గాఫిగన్, నేట్ బర్గాట్జ్, బ్రయన్ రీగన్ లాంటి వాళ్లను. ముగ్గురూ క్లీన్ కామెడీకే పేరు. గాఫిగన్ తిండి గురించి, తన అయిదుగురు పిల్లల గురించి మాట్లాడతాడు. బర్గాట్జ్ తన తెలివితక్కువతనం గురించే గంటసేపు చెప్పగలడు. వాళ్లలా మన పిల్లలు ఇద్దరు ముగ్గురు తలా అయిదు నిమిషాలు ఇంగ్లీషులో చేస్తే?

ప్రోగ్రామ్ కోఆర్డినేటర్:
చేయించు తమ్మీ. తన మీద తనే జోకు వేసుకోవడం మనకేం కొత్త? పిట్టల దొరను మర్చిపోయారా? ఖాకీ కోటు, నెత్తిన టోపీ, భుజాన చెక్క తుపాకీ. ఊళ్లోకి వచ్చి ఒక్కడే నిలబడి కోతలు కోసేవాడు. నూరెకరాల మాగాణి ఉందంటాడు, రాత్రికి గిన్నెలో గంజి లేదంటాడు. ఆ గొప్పలన్నీ చివరికి ఆయన మీదికే తిరిగొచ్చేవి. ఇంటి ముందు ముసలమ్మ నవ్వేది, చంకలో పిల్ల నవ్వేది. మైకు లేని స్టాండప్ అది. మనవాళ్లలో ఎవరైనా పదిహేను నిమిషాలు ఆ వేషం కట్టాలి. కోతలు మాత్రం డాలస్‌వి: ఇల్లు, టెస్లా, గ్రీన్‌కార్డు.

తెలుగు అందని పిల్లల కోసం మిమిక్రీ పెడదాం, శబ్దానికి భాష అక్కర్లేదు. నేరెళ్ల వేణుమాధవ్‌ది వరంగలే. (సినిమా వేణుమాధవ్ కాదు, ఆయనది కోదాడ. పోస్టర్ మీద ఫొటో మార్చెయ్యకండి.) 1932 డిసెంబర్ 28న పుట్టారు, 2001లో పద్మశ్రీ వచ్చింది. ఇక్కడ పబ్లిక్ గార్డెన్‌లో కళా ప్రాంగణం ఆయన పేరు మీదే ఉంది. ఒక్క గొంతుతో అంత పేరు తెచ్చుకున్నారని పిల్లలకు రెండు ముక్కలు చెప్పి, కాజీపేట జంక్షన్‌లో రైలు ఆగే శబ్దాలు చేయిస్తే చాలు.

ట్రెజరర్:
ఇండియా నుంచి కళాకారుణ్ణి పిలవాలంటే వీసా సంగతి మర్చిపోకండి. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లకు డబ్బులిచ్చి షో పెట్టడం కుదరదు. జానపద కళాకారులకు పీ-3 వీసా ఉంది కానీ పిటిషన్ మనమే వేయాలి, దసరాలోపు అయ్యే పని కాదు. వచ్చే ఏడాదికి చూద్దాం.

యూత్ వింగ్:
హన్మకొండ నుంచి వీడియోలో లైవ్ పెడితే?

స్టేజ్, సౌండ్:
వద్దు. ఇక్కడి నవ్వు అక్కడికి చేరేలోపు ఆయన తర్వాతి జోకులోకి వెళ్లిపోతాడు. ఇద్దరికీ నరకం.

ప్రోగ్రామ్ కోఆర్డినేటర్:
అయితే ఈసారికి అందరూ అక్కడివాళ్లే. స్టాండప్‌కు కూడా అక్కడే ఒకరిని వెతకండి. రీల్ చూసి ఖరారు చేయొద్దు, నిమిషం రీల్‌లో ఎవరైనా బాగానే ఉంటారు. కనీసం ఇరవై నిమిషాల పూర్తి వీడియో అడగండి. తాతలూ, మనవళ్లూ ఒకే వరుసలో కూర్చుంటారని చెప్పండి. ముందు వరుసలో ఎవరినీ లేపి ఆటపట్టించొద్దనీ చెప్పండి. ఖాకీ కోటు, టోపీ ఇక్కడ కుట్టించి తెస్తా. తుపాకీ మాత్రం అక్కడే చేయించుకోండి, ఎయిర్‌పోర్టులో జవాబు చెప్పడం నా వల్ల కాదు.

స్టేజ్, సౌండ్:
అన్నా, మన హాలు స్కూల్ ఆడిటోరియం. చెక్కదైనా తుపాకీ అంటే లోపలికి రానివ్వరు.

ఫుడ్ టీమ్:
గొడుగు పెట్టండి. గొడుగును తుపాకీ అని కోతలు కోయలేనివాడు పిట్టల దొర ఎట్లయితడు?

ప్రోగ్రామ్ కోఆర్డినేటర్:
అక్కా, వేషం నువ్వే కట్టాలి. ఆదివారం కాల్ మీకు ఉదయం 9:30, మాకు రాత్రి 8. మొదటి పది నిమిషాలు నీవే.

ఫుడ్ టీమ్:
పులిహోర ఎవరు చూసుకుంటారో ముందు చెప్పండి, తర్వాత ఆలోచిస్తా.