ఆరేళ్లు వాడిన కాంపాక్ట్ క్రాసోవర్: ఏవి పాడవుతాయి, ఏ ఖర్చులకు సిద్ధపడాలి?

ప్రశ్న

మేము నలుగురం. ఇప్పుడున్న చిన్న కారు సరిపోక, ఆరేళ్లు వాడిన ఒక కాంపాక్ట్ క్రాసోవర్ కొనాలని ఆలోచిస్తున్నాను. దానిలో 1.5 లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజిన్, సీవీటీ (గేర్లు విడివిడిగా మారకుండా నడిచే ఆటోమేటిక్) గేర్‌బాక్స్, నాలుగు చక్రాలకూ శక్తి అందించే ఆల్ వీల్ డ్రైవ్ ఉన్నాయి. ఓడోమీటర్ 85 వేల కిలోమీటర్లు చూపిస్తోంది. పైకి బండి శుభ్రంగానే ఉంది కానీ, మొదటి మూడేళ్ల సర్వీసు రసీదులు తప్ప మిగతావి అమ్మేవారి దగ్గర లేవు. మా రోజువారీ ప్రయాణం ఒక్కో వైపు ఐదారు కిలోమీటర్లకు మించదు. ఇటువంటి బండ్లలో లక్ష కిలోమీటర్లు దాటేసరికి సాధారణంగా ఏ భాగాలు ఇబ్బంది పెడతాయో, కొన్న ధర కాక ఇంకా ఏ ఖర్చులు మీద పడతాయో అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరా?

మొదటి సమాధానం

చాలాకాలంగా గేర్‌బాక్స్ మరమ్మతుల్లో ఉన్నవాడిగా చెబుతున్నాను. మీరు రాసిన వివరాల్లో కిలోమీటర్ల కన్నా రసీదులు లేని ఆ మూడేళ్ల గురించే నాకు ఎక్కువ సందేహం. సీవీటీలో పళ్ల గేర్లకు బదులు రెండు పుల్లీల మధ్య ఉక్కు బెల్టు గానీ గొలుసు గానీ తిరుగుతుంది. ఆ బెల్టు జారకుండా పట్టి ఉంచే ఒత్తిడి, భాగాలకు కావలసిన చల్లదనం, కందెన అన్నీ లోపలి ద్రవం నుంచే అందాలి. ఆ ద్రవం ఏళ్ల తరబడి వేడికి గుణం కోల్పోయాక బెల్టు జారడం మొదలై పుల్లీల మీద గీతలు పడితే, ఆ తరువాత కొత్త ద్రవం పోసినా ఉపయోగం ఉండదు. గేర్‌బాక్స్ విప్పడమో మార్చడమో తప్పదు. పాత బండి విషయంలో ఆ ఒక్క ఖర్చే మిగతా మరమ్మతులన్నిటినీ మించిపోతుంది. కొందరు తయారీదారులు ఈ ద్రవాన్ని ఎప్పటికీ మార్చనక్కరలేదని చెప్పినా, 50 నుంచి 60 వేల కిలోమీటర్లకు ఒకసారి, ఆ గేర్‌బాక్స్‌కు నిర్దేశించిన ద్రవంతోనే మార్పించడం మంచిదని నా గట్టి నమ్మకం. సీవీటీ ఫిర్యాదులు ఒకరిద్దరివి కావు: అమెరికాలో 2014–2018 మోడళ్ల రోగ్ క్రాసోవర్లకు నిస్సాన్ సంస్థ సీవీటీ వారంటీని 84 నెలలు లేదా 84 వేల మైళ్ల వరకు పొడిగించింది.

బండి చూడటానికి వెళ్లినప్పుడు పది నిమిషాల ట్రయల్‌తో తృప్తి పడకండి. కనీసం అరగంట నడిపి, గేర్‌బాక్స్ బాగా వేడెక్కాక, మధ్యస్థ వేగంలో యాక్సిలరేటర్‌ను తేలికగా నొక్కి ఉంచితే వణుకు వస్తోందా, ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజిన్ చప్పుడు పెరిగినా వేగం పెరగకుండా ఉంటోందా, సన్నని ఊళ లాంటి శబ్దం వినిపిస్తోందా అన్నది గమనించండి. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా, ధర తగ్గిస్తామన్నా సరే, ఆ బండిని వదిలేయండి.

మీ ఐదారు కిలోమీటర్ల ప్రయాణం గురించి కూడా చెప్పాలి. ఇంజిన్ పూర్తిగా వేడెక్కకముందే ఆపేస్తూ ఉంటే, పెట్రోలును నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే టర్బో ఇంజిన్లలో కొంత పెట్రోలు పిస్టన్ రింగులు దాటి ఆయిల్‌లో కలుస్తుంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ మట్టం తగ్గవలసింది పోయి పెరుగుతుంది, పెట్రోలు వాసన వస్తుంది. హోండా సీఆర్-వీలోని 1.5 లీటర్ల టర్బో ఇంజిన్ విషయంలో, ముఖ్యంగా చలి ప్రాంతాల్లో, ఇది 2018 ప్రాంతంలో పెద్ద చర్చే అయింది. పలచబడిన ఆయిల్ టర్బో బేరింగులను కాపాడలేదు కాబట్టి, మీలాంటి వాడకానికి పుస్తకంలో రాసిన గడువులో సగానికే ఆయిల్ మార్పించాలి. అన్నట్టు, ఇదే రకం ఇంజిన్లలో గాలిని లోపలికి వదిలే ఇంటేక్ వాల్వులను పెట్రోలు కడగదు కనుక వాటి మీద మసి పేరుకుని, కొన్నేళ్లకు బండి ఆగి ఇంజిన్ నడుస్తున్నప్పుడు (ఐడ్లింగ్‌లో) ఇంజిన్ కుదుపుతుంది. ఆ మసిని శుభ్రం చేయించడం కష్టం కాదు గానీ చవక కాదు.

రెండవ సమాధానం

పై సమాధానంతో పూర్తిగా ఏకీభవిస్తూ, ఇటువంటి బండినే వాడుతున్న మనిషిగా ఖర్చుల సంగతి చెబుతాను. ఆల్ వీల్ డ్రైవ్ అవసరం మీకు నిజంగా ఉందా అని మొదట ఆలోచించండి. దానివల్ల పెట్రోలు కొంత ఎక్కువ ఖర్చవడం అలా ఉంచితే, నాలుగు టైర్ల అరుగుదల దాదాపు సమానంగా ఉండాలన్న నియమం ఉంది. ఒక టైరు చీలిపోయి, మిగతా మూడు సగం అరిగి ఉంటే, కొత్తదాని చుట్టుకొలత వేరుగా ఉండటం వల్ల వెనుక చక్రాలకు శక్తిని పంపే కప్లింగ్ ఎప్పుడూ జారుతూ వేడెక్కుతుంది. అందువల్ల ఒక్క టైరుతో పోయే చోట తరచుగా నాలుగూ కొనవలసి వస్తుంది. పెద్ద రిమ్ములకు సరిపడే టైర్ల ధర కూడా ఎక్కువే. వెనుక చక్రాలకు శక్తిని పంచే డిఫరెన్షియల్‌లోని ఆయిల్ సంగతి చాలామందికి గుర్తే ఉండదు. అది మార్చిన రసీదు ఉందేమో అడగండి.

సస్పెన్షన్‌లో స్టెబిలైజర్ లింకులు, లోయర్ ఆర్మ్ బుష్‌లు, స్ట్రట్ మౌంట్లు, వీల్ బేరింగులు ఈ వయసుకు ఒకదాని తరువాత ఒకటి మార్పుకు వస్తాయి. ఇవేవీ భయపడవలసినవి కావు, కానీ ఒకే ఏడాదిలో కలిసి వస్తే భారమే. బండి ఆగినప్పుడు ఇంజిన్ తనంతట తానే ఆగి మళ్లీ మొదలయ్యే స్టార్ట్-స్టాప్ సౌకర్యం ఉన్న బండికి మామూలు బ్యాటరీ పెడితే త్వరగా చచ్చిపోతుంది, దానికి తగిన రకం ఖరీదైనది. ఎలక్ట్రిక్ పార్కింగ్ బ్రేక్ ఉంటే వెనుక ప్యాడ్లు మార్చేటప్పుడు చాలా బండ్లకు స్కానర్ అవసరమవుతుంది. కొన్న ధరలో దాదాపు పదో వంతును మొదటి ఏడాది కోసం విడిగా ఉంచుకోకుండా ఈ తరహా బండి కొనవద్దని నా సలహా.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. రసీదులు లేనప్పుడు బండి అసలు స్థితిని తెలుసుకునే మార్గం ఉందా? రీకాల్ (లోపం సరిచేయడానికి తయారీదారు బండిని వెనక్కి పిలవడం) పెండింగ్‌లో ఉంటే కొన్న తరువాత నేను చేయించుకోవచ్చా?

మూడవ సమాధానం

కొంతవరకు తెలుసుకోవచ్చు. మీరు వెళ్లేసరికి ఇంజిన్ చల్లగా ఉండాలని ముందే చెప్పండి. బానెట్ మీద చెయ్యి పెడితే వేడిగా తగిలిందంటే, తొలి స్టార్టులో వచ్చే ఇంజిన్ లోపలి టైమింగ్ గొలుసు చప్పుడును, పొగను మీరు చూడలేరు. బండి కంప్యూటర్‌ను చదివే ఓబీడీ స్కానర్‌లో తప్పుల కోడ్‌లు లేకపోవడం ఒక్కటే చాలదు. రెడీనెస్ మానిటర్లు (బండి తనను తాను పరీక్షించుకున్న ఫలితాలు) చాలావరకు అసంపూర్ణంగా ఉన్నాయంటే, ఇటీవలే ఎవరో కోడ్‌లు చెరిపేశారనో బ్యాటరీ తీశారనో అర్థం, కాబట్టి కారణం అడగకుండా ముందుకు వెళ్లవద్దు. సీటు బెల్టులను చివరిదాకా లాగి చూడండి. బురద చారలు, సీటు పట్టాల మీద తుప్పు కనిపిస్తే ఆ బండి నీటిలో మునిగి ఉండవచ్చు.

రీకాల్ మరమ్మతు సాధారణంగా యజమాని మారినా ఉచితంగానే చేస్తారు. 17 అక్షరాల వాహన గుర్తింపు సంఖ్యతో తయారీదారు వెబ్‌సైటులోనో, అధీకృత సర్వీసు కేంద్రంలోనో కొనకముందే విచారించండి. ఇది లాంఛనం కాదు. ఫోర్డ్ ఎకోస్పోర్ట్, ఫోకస్‌లలోని ఒక లీటరు ఇంజిన్‌లో ఆయిల్ పంపును తిప్పే బెల్టు టెన్షనర్ విఫలమై ఇంజిన్‌కు ఆయిల్ ఒత్తిడి పోయే ప్రమాదం ఉందని, 2023 చివర్లో అమెరికాలో లక్షకు పైగా బండ్లకు రీకాల్ ప్రకటించారు. అలాంటి రీకాల్ పూర్తికాకపోతే ఆ పనిని అమ్మేవారి చేతనే చేయించి, ఆ కాగితం అందాకే డబ్బు ఇవ్వండి.

ఇక మీ బండి విషయంలో నా అభిప్రాయం: మీ ప్రయాణం ఇంత తక్కువ దూరమైతే, టర్బో లేని ఇంజిన్‌తో, ముందు చక్రాల డ్రైవ్‌తో, పూర్తి రసీదులున్న మరో బండిని, అది దీనికన్నా రెండేళ్లు ఎక్కువ పాతదైనా సరే, వెతకడం మేలు. ఇదే బండి తీసుకోవాలని నిశ్చయించుకుంటే, సీవీటీ ద్రవం, ఇంజిన్ ఆయిల్, కూలెంట్, బ్రేక్ ఆయిల్, డిఫరెన్షియల్ ఆయిల్ అన్నీ కొన్న వారంలోనే మార్పించి, ఆ మొత్తాన్ని బేరంలోనే తగ్గించమని అడగండి.