జౌగడ శాసనంలోని ‘పాసండ’ – ‘పరమత సహనం’ అనే మాట

ప్రశ్న (బరంపురం నుండి): ఒడిశాలోని జౌగడ కొండమీది అశోకుని ఏడవ శిలాశాసనాన్ని మా పాఠశాల పత్రిక కోసం తెలుగు వచనంలో రాస్తున్నాను. అందులోని ‘పాసండ’ శబ్దానికి ‘పాషండులు’ అని రాయవచ్చునా? శీర్షికగా ‘పరమత సహనం’ తగునా? పెద్దలు తెలుపగలరు.

సమాధానం: అయ్యా, ‘పాషండులు’ అని రాయవద్దని నా మనవి. అశోకుని నాటికి ‘పాసండ’ అంటే ఏదో ఒక బోధను అనుసరించే శాఖ అనే అర్థమే కాని, అందులో నింద లేదు. తరువాతి కాలంలో అది వేదబాహ్యునికీ (వేదాలను ఒప్పుకోనివానికీ) దుర్మార్గునికీ పేరై, మన తెలుగులోకి ఆ నిందతోనే వచ్చింది. జౌగడ దగ్గరి ఋషికుల్య నది ఒడ్డున అశోకుడు పాసండలన్నీ అన్నిచోట్లా నివసించాలని కోరగా, మనుస్మృతి తొమ్మిదవ అధ్యాయం పాషండులను వెంటనే పురం నుండి వెళ్లగొట్టాలని రాజుకు విధించింది. ఒకే మాట ఇంత దూరం జరిగిందంటే, దాని వెనుక ఎందరి బతుకులు నలిగి ఉంటాయో ఆలోచించవలసినదే.

శీర్షిక విషయం ఇంకొంత లోతైనది. సహించడం పైనున్నవాడు చేసే పని. సహింపబడేవాడికి దానివల్ల నిలువనీడ దొరుకుతుందే కాని సమానత్వం దొరకదు. ఇంగ్లండులో 1689 నాటి సహన చట్టం ప్రభుత్వ చర్చిలో చేరని ప్రొటెస్టెంట్లకు ప్రార్థన చేసుకునే వీలు ఇచ్చింది కాని, కాథలిక్కులకు అదీ ఇవ్వలేదు. ఐర్లండులో డేనియల్ ఓకానెల్ 1823లో కాథలిక్ సంఘాన్ని స్థాపించి, మరుసటి ఏడు నుండి నెలకొక పెన్నీ చందాతో పేద రైతులను సైతం అందులో చేర్చుకున్నాడు. 1828లో అతడు ఐర్లండులోని క్లేర్ నుండి బ్రిటిష్ పార్లమెంటుకు గెలిచినా, అక్కడ చేయవలసిన ప్రమాణం తన విశ్వాసాన్నే తిరస్కరించేదిగా ఉన్నందున సభలో కూర్చోలేకపోయాడు. 1829లో కాథలిక్కులు సభలో కూర్చునేలా చట్టం మారింది. అయితే ఆ ఏడే ఐర్లండులో ఓటుకు కావలసిన భూమి విలువను ఏటా నలభై షిల్లింగుల నుండి పది పౌన్లకు పెంచి, అతడిని గెలిపించిన చిన్న రైతుల ఓటునే తీసివేశారు. యూదులు తమ విశ్వాసానికి తగిన ప్రమాణంతో ఆ సభలో అడుగుపెట్టడానికి 1858 వరకు ఆగవలసి వచ్చింది. వీరు అడిగినది హక్కును. దానిని ‘సహనం’ అనడం వారి పోరాటాన్ని తక్కువ చేయడమే. జౌగడలో మాటలాడుతున్నవాడు రాజు కనుక, మీ శీర్షికలో ‘సహనం’ అనే మాట ఉండవచ్చు.

మరొక జాగ్రత్త: ఇతర శాఖలను గౌరవించాలని చెప్పే పన్నెండవ శాసనం జౌగడలో లేదు, కర్నూలు వైపు ఎర్రగుడిలో ఉంది, రెండింటినీ కలపవద్దు.

నా సూచన ఇది: “దేవతలకు ప్రియుడైన ప్రియదర్శి రాజు అన్ని మతశాఖలవారూ అన్నిచోట్లా నివసించాలని కోరుతున్నాడు, ఏలయన వారందరూ ఆత్మనిగ్రహాన్నీ భావశుద్ధినీ కోరేవారే.”