సెంట్రల్ ఏసీ కాయిల్‌కి మంచు కడుతోంది: గ్యాస్ తక్కువా, గాలి తక్కువా?

డక్టెడ్ ఏసీల పని తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి. 3 టన్నుల యూనిట్, ఆర్-410ఏ గ్యాస్, టీఎక్స్‌వీ (కాయిల్‌లోకి వెళ్లే గ్యాస్‌ని సర్దే వాల్వు) ఉంది. రెండు గంటలు ఆగకుండా నడిస్తే లోపలి కాయిల్‌కి మంచు కడుతోంది. లావు రాగి పైపు మీద కూడా, ఇన్సులేషన్ ఆగిపోయిన చోట, చెమ్మ కాదు, తెల్లటి నూగులాంటి మంచే.

మంచంతా కరిగాక తీసిన రీడింగులివి. సక్షన్ (కంప్రెసర్‌లోకి తిరిగొచ్చే గ్యాస్ ఒత్తిడి) 112 పీఎస్ఐ దగ్గర మొదలై 98కి జారుతోంది, అంటే కాయిల్ సున్నా డిగ్రీల లోపలికి వెళ్లినట్టే. సబ్‌కూలింగ్ (ద్రవంగా మారాక గ్యాస్ ఇంకా ఎంత చల్లబడిందో) 5.5 డిగ్రీలు, సూపర్‌హీట్ (ఆవిరయ్యాక ఇంకా ఎంత వేడెక్కిందో) 5. గ్యాస్ తక్కువైతే సబ్‌కూలింగ్ పడిపోయి సూపర్‌హీట్ పెరగాలి కదా! అందుకే "కొంచెం గ్యాస్ కొడదాం" అన్న మెకానిక్ మాట నమ్మబుద్ధి కావట్లేదు.

నా అనుమానం ఫిల్టర్ మీద, అదే గాలిని అడ్డుకుంటోందని. మెర్వ్ 8 (మెర్వ్ అంటే ఫిల్టర్ రేటింగ్, అంకె పెరిగేకొద్దీ సన్నటి దుమ్మునీ పడుతుంది) ఉన్నప్పుడు ఈ గొడవ లేదు. ఇప్పుడున్నది మెర్వ్ 13, ఒక అంగుళం మందం, 16 బై 25 సైజు. స్టాటిక్ ప్రెషర్ (డక్టులో గాలి ఒత్తిడి, నీటి మట్టం అంగుళాల్లో) ఫిల్టర్‌కి ముందు మైనస్ 0.15 అంగుళాలు, దాటాక మైనస్ 0.50, సప్లై వైపు 0.32. మొత్తం (0.50 + 0.32) 0.82; యూనిట్ ప్లేటు మీద 0.5 అని ఉంది. బ్లోయర్ చక్రం, కాయిల్ శుభ్రంగానే ఉన్నాయి. గ్రిల్స్ అన్నీ తెరిచే ఉన్నాయి.

ఇంట్లో ఆస్తమా ఉన్న పాప ఉంది, మళ్లీ మెర్వ్ 8కి దిగాలని లేదు. 20 బై 25, 4 అంగుళాల ఫిల్టర్ పెట్టె బిగిస్తే 1200 సీఎఫ్ఎం (నిమిషానికి ఘనపుటడుగులు) గాలి వస్తుందా? లేక రిటర్న్ గ్రిల్ ఇంకోటి కూడా తెరవాలా? సప్లై వైపు 0.32 కూడా ఎక్కువే అనిపిస్తోంది, ముందు అక్కడ ఏం చూడాలి?