తుఫానులో రోటార్ ఆపేశాక కూడా టవర్‌కి ప్రమాదం ఎందుకు?

సందేహం: సముద్రంలో మోనోపైల్ (అడుగున నేలలోకి దించిన ఒకే లావుపాటి ఉక్కు గొట్టం) మీద నిలబెట్టే విండ్ టర్బైన్ ఎంతవరకు తట్టుకుంటుందో ప్రాజెక్టులో లెక్క కడుతున్నాను. గాలి సెకనుకు 25 మీటర్ల దగ్గరకు రాగానే చాలా టర్బైన్లు ఆగిపోతాయి కదా, మరి తుఫాను లోడ్ల గురించి ఇంత టెన్షన్ దేనికి? పైగా డిజైన్‌కి 50 ఏళ్ల తుఫాను తీసుకోమంటున్నారు, టర్బైన్ ఆయుష్షేమో 25 ఏళ్లే!

జవాబు: ముందు ఆ 50 సంగతి. అది 50 ఏళ్లకోసారి టంచనుగా వచ్చేది కాదండీ, ఏ ఏడాదైనా వచ్చే అవకాశం 2 శాతం అని. 25 ఏళ్లలో ఒక్కసారైనా రాకుండా ఉండే అవకాశం 0.98 ని 25 సార్లు గుణిస్తే వస్తుంది, అంటే దాదాపు 60 శాతం. మిగతా 40 తక్కువేం కాదు.

ఇక ఆపేయడం. తిరిగే రోటార్ (బ్లేడ్ల చక్రం) టవర్ ముందువెనకల ఊపును గాలితోనే అణచిపెడుతుంది. ఆగితే ఆ డ్యాంపింగ్ చాలావరకు పోతుంది, సరిగ్గా అప్పుడే అలలు పెద్దవవుతాయి. దానికి తోడు గ్రిడ్ పోయి, బ్యాకప్ కరెంటు కూడా లేకపోతే నాసెల్ (టవర్ పైన జనరేటర్ ఉండే పెట్టె) గాలికి ఎదురు తిరగలేదు. తుఫానులో గాలి దిశ గంటల్లో మారిపోతుంది, బ్లేడ్లకు అడ్డంగా కొడుతుంది. టర్బైన్ల అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 61400లో డీఎల్‌సీ 6.2 (గ్రిడ్ పోయినప్పటి తుఫాను లోడ్ల కేసు) ఉన్నది ఇందుకే. గ్రిడ్ ఉన్నప్పటి కేసు 6.1 ఒక్కటే చేసి వదిలేసేవాళ్లు చాలామంది, మీరలా చేయకండి. 2019 ఎడిషన్‌లో తుఫాను ప్రాంతాలకు 'టి' క్లాస్ కూడా ఉంది, 10 నిమిషాల సగటు గాలి సెకనుకు 57 మీటర్లు.

సందేహం: థ్యాంక్సండీ. భూకంపం వదిలేయొచ్చా మరి?

ఇంకొకరు: సైట్ చూడకుండా వదిలేయకండి. టవర్ మొదటి ఊపుకి కొన్ని సెకన్లు పడుతుంది, భూకంప శక్తి ఎక్కువగా అంతకన్నా వేగమైన కదలికల్లో ఉంటుంది, కాబట్టి రెండో మోడ్ (టవర్ ఇంకా వేగంగా ఊగే తీరు) కూడా లెక్కలోకి తీసుకోవాలి. అసలు భయం వదులు ఇసుకది: నీళ్లతో నిండిన ఇసుక కుదుపుకి ద్రవంలా మారితే పైల్‌కి పట్టే ఉండదు. జపాన్‌లో కమిసు తీరం దగ్గరి మోనోపైల్ టర్బైన్లు 2011 భూకంపానికి, సునామీకి నిలబడ్డాయి. అయినా దాన్ని చూపించి మీ మట్టి రిపోర్టు పక్కన పెట్టలేరు.

పైల్ చుట్టూ ఇసుక కోసుకుపోవడం కూడా మోడల్‌లో పెట్టండి. టవర్ ఊగే ఫ్రీక్వెన్సీ తగ్గి రోటార్ తిరిగే వేగానికి దగ్గరైతే, తుఫాను లేని రోజుల్లోనూ ఫటీగ్ (పదే పదే ఊగడంతో లోహం అలసిపోవడం) పెరుగుతూనే ఉంటుంది.