అప్‌డేట్: అమ్మకు వీసా రాలేదు, డౌలాను పెట్టుకున్నాం

కాన్పుకు అమ్మ డల్లాస్ రాలేకపోతోంది, బాలింత సాయానికి డౌలాను (కాన్పప్పుడు, ఆ తర్వాత తల్లికి తోడుండి సాయం చేసే శిక్షణ పొందిన మనిషి) పెట్టుకోవచ్చా అని ఇంతకుముందు అడిగాను కదా. పెట్టుకున్నాం. చాలా మేలైంది.

ఆవిడ నర్సు కాదు. మందులు చెప్పరు, కుట్లు చూడరు. ఆ సంగతి మొదట్లోనే చెప్పేశారు. నాకు ఎక్కువ సాయం దొరికింది పాలు పట్టడంలో. పాప చనుమొన ఒక్కటే పట్టుకోవడంతో పుండ్లు పడ్డాయి. నోరు బాగా తెరిచాక, చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా లోపలికి వెళ్లేలా పట్టడం పక్కనే కూర్చుని నేర్పించారు. ఈ వయసులో రోజుకు 8 నుంచి 12 సార్లు తాగడం మామూలేనట. పాలు చాలట్లేదేమో అన్న టెన్షన్ అప్పుడు తగ్గింది. పాలు సరిపోతున్నాయో లేదో తెలియడానికి తడి డైపర్లు లెక్కపెట్టుకోమన్నారు.

అమ్మ వీడియో కాల్‌లో చెప్పిన మిరియాల చారు మా ఆయన కాస్తుంటే, పాపను ఆవిడ చూసుకునేవారు. నేను పడుకునేదాన్ని. ఆ నిద్ర విలువ బాలింతలకే తెలుసు!

నాకు ఊరికే ఏడుపొచ్చేది. రెండు వారాలు దాటినా తగ్గకపోతే డాక్టరుకు చెప్పాల్సిందేనని మా ఇద్దరికీ గట్టిగా చెప్పారు. తగ్గలేదు. వెళ్లాం. ఇప్పుడు కౌన్సెలింగ్ జరుగుతోంది, కాస్త తేలిగ్గా ఉంది.

మా ఇన్సూరెన్స్ డౌలా ఖర్చు ఇవ్వలేదు. మీరు ముందే కనుక్కోండి.