కోడ్ స్నిప్పెట్లు థీమ్‌లో ఉంచాలా, విడిగా ప్లగిన్ చేయాలా?

బ్రాడీపేట_వెబ్:
గుంటూరులో ఒక పచ్చళ్ళ షాపు సైట్ ఈమధ్యే నా చేతికొచ్చింది. వర్డ్‌ప్రెస్‌తో కట్టిన సైట్, అమ్మకాలకి వూకామర్స్ అనే ప్లగిన్ (సైట్‌కి అదనపు పని జోడించే ప్రోగ్రామ్). పాత డెవలపర్ స్నిప్పెట్లన్నీ (చిన్న చిన్న కోడ్ ముక్కలు) థీమ్‌లోని ఫంక్షన్స్ ఫైల్లోనే కుక్కేశారు: బరువును బట్టి కొరియర్ చార్జీ, కిలో లోపు ఆర్డర్ ఆపడం, చెకౌట్‌లో కంపెనీ పేరు అడిగే గడి తీసేయడం. సరిగ్గా ఆవకాయ సీజన్‌లో ఓనర్ గారు థీమ్ అప్‌డేట్ నొక్కారు. కొత్త ఫైల్ వచ్చి పాతదాని మీద పడింది, అన్నీ పోయాయి. అమెరికా పార్సిల్‌కి కూడా లోకల్ చార్జీయే పడింది. ఆ నష్టం ఆవిడదే.

థీమ్ సైట్ ఎలా కనపడాలో చెప్పేది. చార్జీల లెక్క వ్యాపారానిది. క్లయింటుకొక చిన్న ప్లగిన్ రాసి అందులోనే పెట్టాలంటాను.

బెంజిసర్కిల్_కోడర్:
చైల్డ్ థీమ్ (అసలు థీమ్‌కి అనుబంధంగా, మన మార్పులు విడిగా ఉంచుకునే థీమ్) ఉంటే ఈ గొడవే లేదు కదండీ. అసలు థీమ్ అప్‌డేట్ అయినా చైల్డ్ థీమ్ జోలికి రాదు. నాలుగు లైన్లకి ప్లగిన్ ఎందుకు?

బ్రాడీపేట_వెబ్:
అప్‌డేట్ వరకూ మీరన్నది నిజం. థీమ్ మారిస్తేనో? మన షాపుల వాళ్ళు దసరా వస్తే సైట్ కొత్తగా కనపడాలంటారు. చైల్డ్ థీమ్ పక్కకి పోతే చార్జీల లెక్కా దాంతోనే పోతుంది. ప్లగిన్ అంటే పెద్ద పనేం కాదు. ప్లగిన్స్ ఫోల్డర్‌లో ఒక్క ఫైల్, పైన కామెంట్‌లో ప్లగిన్ పేరు రాస్తే చాలు, లిస్టులో కనిపిస్తుంది.

గవర్నర్‌పేట_డిజైన్స్:
నేను స్నిప్పెట్ మేనేజర్ ప్లగిన్ వైపు, అంటే స్నిప్పెట్లని డాష్‌బోర్డ్‌లోనే రాసి నడిపించేది. ప్రతి స్నిప్పెట్‌కీ పేరు, ఆన్, ఆఫ్ ఉంటాయి. ఓనర్లకి ఎఫ్‌టీపీ (సర్వర్‌లోకి ఫైళ్ళు పంపే పద్ధతి) ఏం తెలుస్తుంది? కొరియర్ రేటు మారిన ప్రతిసారీ మనకి ఫోన్ చేయాలా?

మంగళగిరి_పీహెచ్‌పీ:
ఎక్కడ పెట్టామన్నది సరే, ఏం పెడుతున్నామో కూడా చూడండి. వర్డ్‌ప్రెస్ స్నిప్పెట్లు రాసేది పీహెచ్‌పీ భాషలో. పాత బ్లాగుల్లో దొరికే స్నిప్పెట్లలో క్రియేట్_ఫంక్షన్ అనే పాత పీహెచ్‌పీ ఫంక్షన్ ఇంకా కనిపిస్తుంది. దాన్ని 2020లో వచ్చిన పీహెచ్‌పీ 8లో పూర్తిగా తీసేశారు. హోస్టింగ్ వాళ్ళు వెర్షన్ పెంచిన రోజు సైట్ ఆగిపోతుంది. ఫంక్షన్ పేరు ముందు షాపు పేరు తగిలించడం మరవద్దు. అదే పేరుతో ఇంకో ఫంక్షన్ ఉంటే ఫేటల్ ఎర్రరే, అంటే సైట్‌నే ఆపేసే ఎర్రర్.

ఇంకొకటి. 2019లో వచ్చిన వర్డ్‌ప్రెస్ 5.2 వెర్షన్ నుంచి ఇలాంటి ఎర్రర్ వస్తే అదే రికవరీ లింకు (లోపలికి వెళ్ళి తప్పు సరిచేసుకునే లింకు) మెయిల్ చేస్తుంది. అది సెట్టింగ్స్‌లోని అడ్మిన్ మెయిల్‌కి వెళ్తుంది. చాలా షాపుల సైట్లలో ఆ మెయిల్ ఎప్పుడో మానేసిన డెవలపర్‌దే. ముందు అది మార్పించండి.

బ్రాడీపేట_వెబ్:
అడ్మిన్ మెయిల్ సంగతి బాగా గుర్తుచేశారు, ఈరోజే చూస్తాను.

గవర్నర్‌పేట గారూ, మీ ఇబ్బంది అర్థమైంది. కానీ ఆ మేనేజర్లలో కోడ్ మామూలుగా డేటాబేస్‌లో ఉంటుంది. ఏ మార్పు ఎప్పుడు జరిగిందో మన గిట్‌లో (కోడ్ మార్పుల చరిత్ర దాచే టూల్) కనపడదు. డాష్‌బోర్డ్ నుంచి ఫైళ్ళు మార్చకుండా తాళం వేసినా, అడ్మిన్ పాస్‌వర్డ్ బయటికి పోతే స్నిప్పెట్ రాసే గడిలోంచి ఎవరైనా పీహెచ్‌పీ నడపొచ్చు. డబ్బు కట్టించుకునే సైట్‌లో ఆ తలుపు తెరిచి ఉంచడం నాకు ఇష్టం లేదు.

గవర్నర్‌పేట_డిజైన్స్:
మరి రేటు?

బ్రాడీపేట_వెబ్:
రేటు కోడ్‌లో ఉండకూడదు. ప్లగిన్‌కి ఒక సెట్టింగ్స్ పేజీ, అందులో కిలోకి ఎంత అని ఒక గడి. ఓనర్ గారు అంకె మార్చి సేవ్ చేసుకుంటారు, కోడ్ ముట్టుకునే పనే లేదు.