పచ్చళ్ళ వ్యాపారానికి మెంటర్ కావాలి, ఎలా పట్టుకోవాలి? (ఎడిసన్, కొత్తగా వచ్చాం)

ప్రశ్న (ఎడిసన్ నుంచి)

అందరికీ నమస్కారం. న్యూజెర్సీ వచ్చి ఎనిమిది నెలలైంది. నాకు హెచ్4 ఈఏడీ (హెచ్1బీవాళ్ళ భార్యకో భర్తకో ఇచ్చే పని అనుమతి కార్డు) ఉంది. ఆవకాయ, గోంగూర, కందిపొడి చేసి అమ్మాలని ఆలోచన. ఇక్కడ చిన్న వ్యాపారాలకి ఉచితంగా మెంటర్లని ఇస్తారట కదా, వాళ్ళు అసలు ఏం చేస్తారు? డబ్బు పెడతారా? తెల్లవాళ్ళకి మన పచ్చళ్ళ సంగతి ఏం తెలుస్తుంది? తెలిసినవారు చెప్పగలరు.

పార్సిపనీ నుంచి

డబ్బు పెట్టరండీ. ఆ ఆశ ముందే వదిలేసుకుంటే మిగతాది తేలిక.

మీరు విన్నది బహుశా స్కోర్ గురించి. 1964 నుంచి ఉంది, ఎస్‌బీఏ (చిన్న వ్యాపారాల కోసం ఉన్న కేంద్ర ప్రభుత్వ సంస్థ) అండతో నడుస్తుంది. మెంటర్లంతా వాలంటీర్లు. రిటైరైన వ్యాపారస్తులు, మేనేజర్లు, అకౌంట్స్ వాళ్ళు, కొందరు ఇంకా పనిలో ఉన్నవాళ్ళు. మీ దగ్గర ఫీజు తీసుకోరు, మీ లెక్కలు బయట చెప్పరు. ఎన్నిసార్లు కలిసినా అడ్డు లేదు, వీడియోలో కూడా మాట్లాడొచ్చు. వర్క్‌షాపుల్లో కొన్నిటికి మాత్రం కాస్త రుసుము ఉంటుంది.

రెండోది ఎస్‌బీడీసీ, అంటే స్మాల్ బిజినెస్ డెవలప్‌మెంట్ సెంటర్. అక్కడివాళ్ళు జీతం మీద పనిచేసే కన్సల్టెంట్లు, మనకి మాత్రం ఉచితమే. మన రాష్ట్రంలో దాని ప్రధాన కార్యాలయం నెవార్క్‌లో, రట్గర్స్ బిజినెస్ స్కూల్లో. బ్యాంకుకి ఇచ్చే కాగితాలు, నెలనెలా వచ్చేపోయే డబ్బు అంచనాలు వీళ్ళు బాగా చేయిస్తారు. వ్యాపారం పెట్టాలా వద్దా అనే దశలో మాత్రం నా ఓటు స్కోర్‌కే. తర్వాత రెండూ వాడుకోవచ్చు, ఒకటే పట్టుకోవాలని రూలేం లేదు.

మెంటర్ కోసం స్కోర్‌కి పెట్టే ఆన్‌లైన్ ఫారంలో మీ అవసరం రాసే పెట్టె ఒకటి ఉంటుంది. చాలామంది అక్కడే పాడుచేసుకుంటారు. "ఫుడ్ బిజినెస్ పెట్టాలి, గైడెన్స్ కావాలి" అని రాస్తే ఖాళీగా ఉన్న ఎవరికో ఒకరికి అంటగడతారు. "సీసా పచ్చళ్ళు, మొదటి ఏడాది ఇండియన్ గ్రోసరీలకి అమ్మాలా, నేరుగా ఇళ్ళకి అమ్మాలా తేల్చుకోవాలి, ప్యాకేజ్డ్ ఫుడ్ లేదా రిటైల్ తెలిసినవారు కావాలి" అని రాయండి. అలా రాస్తే సరైన మనిషికి చేరుతుంది.

ఐసెలిన్ నుంచి

పై మాటకి కొనసాగింపు. మొదటి మీటింగ్ సుమారు గంట. అందులో సలహా ఆశించకండి, ప్రశ్నలు ఆశించండి. ఎవరు కొంటారు, ఎంతకి, నెలకి ఎన్ని, ఒక సీసా మీకెంత పడుతోంది? ఆఖరి ప్రశ్న దగ్గరే మనవాళ్ళు తడబడతారు. "సుమారుగా నాలుగైదు డాలర్లు" అంటారు. అది మామిడికాయ, నూనె, ఆవపిండి ఖర్చు మాత్రమే.

ఉదాహరణకి లెక్క వేసి చూపిస్తా. అంకెలు మీవి వేసుకోండి. ఒక విడతకి 60 సీసాలు. సరుకు సీసాకి 4.20 డాలర్లు. సీసా, మూత 1.30. లేబుల్ 0.30. కమర్షియల్ కిచెన్ (అద్దెకి తీసుకునే వంటశాల) గంటకి 25 చొప్పున 4 గంటలు, అంటే 100 డాలర్లు, సీసాకి 1.67. ఇద్దరు మనుషులు, గంటకి 16 చొప్పున 4 గంటలు, అంటే 128, సీసాకి 2.13. మొత్తం 9.60.

అమ్మకం ధర 12 అనుకుందాం. షాపువాడు మూడో వంతు ఉంచుకుంటే మీ చేతికి 8. సీసాకి డాలరున్నర పైన పోతోంది. ఇక్కడే ఒక మాయ ఉంది: మీ కూలి వేసుకోకపోతే ఖర్చు 7.47కి దిగుతుంది, 53 సెంట్లు మిగిలినట్టు కనిపిస్తుంది. ఆ 53 సెంట్లే లాభమనుకుని ఏడాది నడిపితే చివరికి మిగిలేది నడుంనొప్పి.

అదే 4 గంటల్లో 90 సీసాలు పట్టగలిగితే? కిచెన్ 1.11కి, కూలి 1.42కి దిగి మొత్తం 8.33 అవుతుంది. అప్పటికీ 8కి అమ్మితే నష్టమే. అంటే పని వేగం పెంచినంత మాత్రాన చాలదు, ధర మార్చాలి లేదా నేరుగా అమ్మాలి. నేరుగా అమ్మితే పోస్టు ఖర్చు, దారిలో పగిలే సీసాలు మళ్ళీ కలపాలి. ఈ కాగితం పట్టుకుని మెంటర్ ముందు కూర్చుంటే ఆ గంట పనికొస్తుంది. పదిహేను పేజీల బిజినెస్ ప్లాన్ మొదటిరోజు ఎవరూ చదవరు.

మీటింగ్ అయిన రోజే మెంటర్‌కి నాలుగు లైన్ల మెయిల్ పెట్టండి: ఏం అనుకున్నాం, నేను చేయాల్సింది ఏమిటి, మళ్ళీ ఎప్పుడు. మూడు నాలుగు వారాల ఎడం మంచిది. చెప్పిన పని చేయకుండా రెండుసార్లు వెళ్తే వాలంటీర్ ఎవరైనా చల్లబడిపోతారు, అది వాళ్ళ తప్పు కాదు.

పిస్కాటవే నుంచి

అమ్మా, పచ్చళ్ళ గురించి వాళ్ళకేం తెలుసన్నారు కదా. తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. షాపువాడు అప్పు మీద సరుకు తీసుకుని అరవై రోజులు తిప్పితే ఏం చేయాలో వాళ్ళకి తెలుసు, మనకి తెలియదు. అయితే ఆహార భద్రత విషయంలో మెంటర్ మాటని ఆఖరి మాటగా తీసుకోకండి.

2021 అక్టోబరులో న్యూజెర్సీలో వచ్చిన హోమ్ పర్మిట్ (ఇంటి వంటగదిలోనే చేసి అమ్ముకునే అనుమతి) బేకరీ సరుకు, జామ్‌లు, పాడుకాని పొడి సరుకు లాంటివాటికి. పచ్చళ్ళు దాని కిందకి రావు. కందిపొడి సంగతి రాష్ట్ర ఆరోగ్య శాఖవాళ్ళని విడిగా అడగండి, కలిపి అడిగితే కలిపే కాదంటారు. పచ్చడి విషయంలో వాళ్ళు చూసేది పీహెచ్, అంటే పులుపు కొలత; పులుపు ఎక్కువైతే ఈ అంకె తగ్గుతుంది. అంతా కలిసి ఊరాక 4.6 దాటకూడదు. "ఉప్పుంది, నూనె తేలుతోంది, మా అమ్మమ్మ కాలం నుంచి చెడలేదు" అంటే ఇక్కడ వినరు. వినకపోవడానికి కారణం ఉంది: పులుపు చాలకపోతే, గాలి తగలని నూనె కింద వెల్లుల్లిలో బొటులిజం అనే ప్రాణాలు తీసే విషం పుట్టగలదు, వాసన రంగు ఏమీ మారకుండానే. మామిడికాయ పులుపు కాయకీ కాయకీ మారుతుంది, అందుకని ప్రతి విడతా కొలవాలి. ల్యాబ్ పరీక్ష, తయారీ పద్ధతి సంగతులకి బ్రిడ్జ్‌టన్‌లో రట్గర్స్ ఫుడ్ ఇన్నోవేషన్ సెంటర్ ఉంది, మెంటర్‌తో పాటు అక్కడ కూడా అడగండి.

మళ్ళీ ఎడిసన్ నుంచి

అందరికీ చాలా థ్యాంక్స్. నా సీసా లెక్క వేస్తే 10.15 వచ్చింది, గుండె జారింది. ఇంకో రెండు అడగాలి. మావారు హెచ్1బీలో ఉన్నారు, రాత్రిళ్ళు సీసాలు నింపడానికి సాయం చేయొచ్చా? ఎస్‌బీఏ లోన్ వస్తుందా?

పార్సిపనీ నుంచి

సీసాలు నింపడం పని కిందకే వస్తుందమ్మా, జీతం తీసుకోకపోయినా సరే. ఆయన పేరు మీద వాటా ఉండొచ్చు, చేతులు మాత్రం పెట్టకూడదు. లేబుల్ అంటించడం, డెలివరీకి కారు నడపడం కూడా అంతే. హెచ్4 ఈఏడీ మీద మీరు సొంత వ్యాపారం చేసుకోవచ్చు. ఒక్కటి గుర్తుపెట్టుకోండి: 2025 అక్టోబరు 30 నుంచి వేసే రెన్యువల్స్‌కి పాతలాగా ఆటోమేటిక్ పొడిగింపు లేదు. కార్డు గడువు తీరేనాటికి కొత్తది రాకపోతే మర్నాటి నుంచి మీరు పని ఆపాలి. గడువుకి 180 రోజుల ముందు నుంచి వేసుకోవచ్చు, ఆ మొదటి వారంలోనే వేయండి. కిచెన్ లీజు గానీ, దీపావళి ఆర్డర్లు గానీ కార్డు గడువు తేదీ దాటి ఒప్పుకోకండి. ఈ తేదీని మెంటర్‌కి మొదటి మీటింగ్‌లోనే చెప్పండి, ఇక్కడ పుట్టినవాళ్ళకి ఈ గొడవ తోచదు. మిగతాది ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని అడగాల్సిన విషయం, మెంటర్‌ని కాదు.

ఎస్‌బీఏ లోన్ హెచ్4 మీద రాదు. మెంటరింగ్‌కీ ఆ లోన్‌కీ ముడిపెట్టుకోకండి.

జెర్సీ సిటీ నుంచి

ఒక హెచ్చరిక అక్కా. మన వాట్సాప్ గ్రూపుల్లో "బిజినెస్ కోచ్" అని ప్యాకేజీలు అమ్మేవాళ్ళు తగుల్తరు. ఎల్ఎల్‌సీ (కంపెనీ రిజిస్ట్రేషన్), ఈఐఎన్ (వ్యాపారానికిచ్చే టాక్స్ నంబరు) అన్నీ మేమే చేసిపెడతం అంటరు. ఈఐఎన్ ఐఆర్ఎస్ (టాక్స్ శాఖ) సైట్‌లో ఉచితం, ఎస్ఎస్‌ఎన్ (సోషల్ సెక్యూరిటీ నంబరు) ఉంటే ఆన్‌లైన్‌లో కొన్ని నిమిషాల పని. సలహా చెప్పినందుకు కంపెనీలో వాటా అడిగేటోళ్ళకైతే ముందే దండం పెట్టాలె.

టై అనే వ్యాపారవేత్తల సంఘం గురించి కూడా ఎవరో ఒకరు చెప్తరు. 1992ల సిలికాన్ వ్యాలీల మొదలైంది, మంచిదే, కానీ అక్కడి ఊపంతా ఇన్వెస్ట్‌మెంట్ తెచ్చుకుని పెద్దగా పెరిగే కంపెనీలది. 60 సీసాల దశకి కాదు.

మెంటర్ కుదరకపోతే మొహమాటపడకు. రెండు మీటింగ్‌లు చూసి, "రిటైల్ తెలిసినవారు ఇంకొకరు కూడా ఉంటే బాగుంటుంది" అని స్కోర్ ఛాప్టర్‌కి (మీ దగ్గరి శాఖకి) మెయిల్ పెట్టు. ఇద్దరు మెంటర్లతో కలిసి మాట్లాడే ఏర్పాటు కూడా చేస్తరు. ఇద్దరూ చెరో మాట చెప్తే ఏ అంకె మీద తేడా వచ్చిందో అడుగు. ఒకాయన షాపు ధర పట్టుకుని మాట్లాడుతుంటడు, ఇంకొకాయన నేరుగా అమ్మే ధర పట్టుకుని.

నీ 10.15లో ఇన్సూరెన్స్ కలిపినవా? గ్రోసరీవాళ్ళు సరుకు పెట్టుకునే ముందు ప్రోడక్ట్ లయబిలిటీ సర్టిఫికెట్ (సరుకు వల్ల ఎవరికైనా హాని జరిగితే కట్టే ఇన్సూరెన్స్ ఉందన్న కాగితం) అడుగుతరు. కొటేషన్ తెప్పించుకుని, ఏడాదికి పడే మొత్తాన్ని ఏడాదిలో అమ్మే సీసాల మీద పంచి, మళ్ళొకసారి లెక్క వెయ్యి.